నీటిలోని దువ్వెనలు – పంచాయతీలకొక పాఠము

దువ్వెన యనగానే మనకు తల దువ్వుకొను పనిముట్టు స్ఫురించును. కాని దాని నిర్మాణములో నొక గొప్ప ఉపాయ మిమిడియున్నది. పళ్ళు వరుసగా, దగ్గరదగ్గరగా నుండును. పళ్ళ నడుమ సందు లుండును. సందుకంటె సన్ననిది జారిపోవును. లావైనది పళ్ళకు తగులుకొని నిలిచిపోవును. పేలదువ్వెనలోని కిటుకు ఇదియే. కళ్ళమునందు దంతెతో గడ్డిని లాగునపుడు గింజ క్రింద మిగిలి గడ్డి పైకి వచ్చుటలోని కిటుకును ఇదియే.

మానవుడు దువ్వెనను చేసికొనుటకు కోట్ల సంవత్సరములకు పూర్వమే నీటి జంతువుల శరీరములందు ఈ ఉపాయము రూపొందినది. కొన్ని జంతువులు దువ్వెనవంటి అవయవములతో శ్వాసించును. కొన్ని వానితో ఆహారమును వడకట్టుకొనును. మరికొన్ని వానితోనే ఈదును. ఇది విద్యార్థులు చదువుకొనదగిన ప్రాణిశాస్త్రము గదా, పంచాయతీ సభ్యులకు దీనితో పని యేమి యను సందేహము కలుగవచ్చును. గ్రామమునందలి చెరువులలో, కుంటలలో, సముద్రపు కయ్యలలో పెరుగు సంపదలో అధిక భాగము ఈ దువ్వెనలు సరిగా పనిచేయుటపై ఆధారపడి యున్నది. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు పేర్కొనబడినవి. వానిలో అయిదవది మత్స్య పరిశ్రమ. కావున నీటి సంపద ఎట్లు పెరుగును, ఎట్లు నశించును అను విషయము పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనవలసినదై యున్నది.

స్కాలప్ అనగా నేమి?

దువ్వెన పేరునే తన పేరుగా ధరించిన సముద్రజీవి స్కాలప్ అను ఆల్చిప్ప. దీని శాస్త్రీయనామములలో ఒకటియైన పెక్టెన్ అను లాటిను పదమునకు దువ్వెన యని అర్థము. దీని గుల్ల విసనకఱ్ఱ ఆకారమున నుండును. మొదటినుండి అంచువరకు గట్లు వరుసగా వ్యాపించి, దువ్వెన పళ్ళను తలపించును. రెండు చిప్పలును కలిసిన చోట ఇరుప్రక్కల రెండు చెవులవంటి భాగము లుండును. షెల్ అను చమురు కంపెనీ తన చిహ్నముగా పెట్టుకొన్న పసుపుపచ్చని గుల్ల ఇదియే. ప్రపంచ సముద్రములందు స్కాలప్‌లు మూడువందలకు పైగా జాతులు కలవు. మన తీరమున ఇవి పెద్దయెత్తున వేటాడదగినంతగా లభింపవు. చల్లని సముద్రములుగల జపాను, చైనా, అమెరికా, కెనడా, బ్రిటన్, ఫ్రాన్సు మొదలగు దేశములలో ఇవి విలువైన ఆహారము.

చెరువులో దొరకు ఆల్చిప్పకును స్కాలప్‌నకును ఒక ముఖ్యమైన భేదము కలదు. మన ఆల్చిప్ప రెండు కండరములతో చిప్పలను మూసికొనును. ప్రమాదము వచ్చినపుడు మూసికొని కూర్చుండుటయే దాని రక్షణ. స్కాలప్‌నకు ఒకే కండరము కలదు. కాని అది చాల పెద్దది, బలమైనది. దానితో స్కాలప్ తన చిప్పలను టపటప కొట్టుకొనుచు, లోపలి నీటిని చిప్పల కీలునకు ఇరువైపులనుండి వేగముగా చిమ్మి, ఆ విసురునకు ముందునకు దూకును. చూచువారికి అది నీటిని కొరుకుచు పోవుచున్నట్లు కనబడును. నక్షత్రచేప దగ్గరకు వచ్చినచో ఇట్లే తప్పించుకొని పోవును. మనుజులు రుచిగా భుజించునది ఈ కండరమునే.

స్కాలప్ కన్నులు మరియు నొక వింత. మెత్తని శరీరపు అంచున, పూసలు గ్రుచ్చినట్లు పదులకొలది చిన్నకన్ను లుండును. కొన్ని జాతులలో వీని సంఖ్య 200 వరకు చేరును. మన కంటిలో కటకము బొమ్మను ఏర్పరచును. స్కాలప్ కంటిలో ఆ పనిని వెనుక భాగముననున్న అద్దము చేయునని మైకేల్ లాండ్ అను శాస్త్రజ్ఞుడు 1965లో నిరూపించెను. ఆ అద్దము గ్వానిన్ అను పదార్థపు చదరపు పలుకులతో, గచ్చుబండలు పరచినట్లు, పొరలు పొరలుగా కూర్చబడి యున్నదని 2017లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

శ్వాసించు దువ్వెన, వడకట్టు దువ్వెన

స్కాలప్ గుల్ల దువ్వెనవలె కనబడుట పైపోలిక మాత్రమే. నిజమైన దువ్వెన లోపల నున్నది. చిప్పను తెరచి చూచినచో కండరము చుట్టును నెలవంకలవలె వంగిన మొప్పలు కనబడును. ఒక కాడనుండి వందలకొలది సన్నని తంతువులు వరుసగా వ్రేలాడుచుండును. ఈ మొప్పలకు ప్రాణిశాస్త్రమున కంకాభాంగము లని పేరు. కంకతమనగా దువ్వెన, దువ్వెనను పోలిన అంగము కావున ఆ పేరు వచ్చినది.

ప్రతి తంతువుపైనను కంటికి కనబడని సన్నని కశాభములవంటి నూగు ఉండును. వరిచేనిపై గాలి వీచినపుడు కంకులు ఒకదానివెంట నొకటి వంగినట్లు ఈ నూగు అలలు అలలుగా కదలుచుండును. ఆ కదలికవలన నీరు లోనికి ప్రవేశించి, తంతువుల సందులగుండ పోయి, వెలికి వచ్చును. ఈ ప్రయాణములో రెండు పనులు జరుగును. నీటిలో కరగియున్న ప్రాణవాయువు తంతువులలోని రక్తమునకు చేరును. నీటిలో తేలుచున్న సూక్ష్మమైన మొక్కలు, అనగా వృక్షప్లవకములు, తంతువులపైనున్న జిగురునకు అంటుకొని నోటికి చేర్చబడును. ఊపిరియు, అన్నమును ఒకే దువ్వెనవలన లభించుచున్నవి.

మన చెరువులలోని ఆల్చిప్పలందును ఇట్టి మొప్పలే కలవు. పెద్ద ఆల్చిప్ప యొకటి గంటకు సుమారు ఒక లీటరు నీటిని వడకట్టగలదు. చెరువు అడుగున వేలకొలది ఆల్చిప్ప లున్నచో అవి జీతము లేని నీటి పారిశుద్ధ్యపు పనివారని చెప్పవచ్చును. అయితే మరియొక విషయమును గమనింపవలెను. మంచినీటి ఆల్చిప్పల పసి పిల్లలు కొంతకాలము చేపల మొప్పలను, రెక్కలను పట్టుకొని జీవించినగాని పెరుగవు. కావున చెరువులో చేపలు నశించినచో కొలది కాలమునకు ఆల్చిప్పలును నశించును. నీటిలోని జీవులు ఇట్లు ఒండొంటితో ముడివడి యున్నవి.

వడకట్టు గుణము వలన మేలుతోపాటు కీడును కలదు. దువ్వెనకు మంచి చెడ్డల విచక్షణ తక్కువ. నీటిలో విషపు ప్లవకములు పెరిగినపుడు అవియు ఆల్చిప్ప శరీరమున కూడబడును. ఆల్చిప్పకు వానివలన పెద్దగా హాని కలుగదు. దానిని తిన్న మనుష్యులకు మాత్రము పెదవులు, నాలుక తిమ్మిరెక్కి, కాలుసేతులు చచ్చుబడి, ఊపిరి ఆగు ప్రమాదము కలుగును. 1981లో తమిళనాడునందలి వాయలూరులోను, 1997లో కేరళయందలి విళింజములోను ఈ కారణముననే ప్రాణనష్టము జరిగినది. ఈ విషము వంటతో నశింపదు. కావున సముద్రపు నీరు అసాధారణముగా ఎఱ్ఱగనో, గోధుమరంగుగనో మారినపుడు, లేక చేపలు కుప్పలుగా చచ్చి తేలినపుడు ఆ తావులలోని గుల్లల మాంసమును తినరాదని తీరగ్రామముల పంచాయతీలు వెంటనే దండోరా వేయింపవలెను. మురుగునీరు చేరు చోట్ల పెరిగిన గుల్లలకును ఇదే జాగ్రత్త వర్తించును.

స్కాలప్ సంతానము

ఒక ఆడ స్కాలప్ ఒక్క ఋతువులో కోట్లకొలది గ్రుడ్లను నీటిలో విడువగలదు. పిల్లలు మొదట కొన్ని వారములు నీటిలో తేలుచు తిరుగును. ఆ కాలమున చేపలు, ఇతర జీవులు వానిలో అత్యధిక భాగమును మ్రింగివేయును. మిగిలినవి సన్నని దారములను స్రవింపజేసి సముద్రపు నాచునకో, మరియొక ఆధారమునకో అంటుకొని పెరుగును. కొంత పెరిగిన పిమ్మట దారమును విడిచి అడుగునకు రాలిపోవును. అచ్చట నక్షత్రచేపలు కాచుకొని యుండును.

ఈ జీవితక్రమములో మనుష్యుడు సాయపడదగిన ఘట్టము ఏది? దారముతో అంటుకొని, పిమ్మట రాలిపోవు ఘట్టమే. జపానులోని ముత్సు అఖాత ప్రాంతమున 1960 ప్రాంతములలో ఈ రహస్యము ఆచరణలోనికి వచ్చినది. పాత వలముక్కలను, ఉల్లిపాయల సంచులవంటి కన్నముల సంచులలో నింపి నీటిలో వ్రేలాడగట్టిరి. తేలుచు వచ్చిన పిల్లలు కన్నములగుండ లోపలికి పోయి వలముక్కలకు అంటుకొనెను. పెరిగి దారము విడిచినను సంచిలోనే నిలిచెను. అడుగునకు రాలిపోలేదు, నక్షత్రచేపలకు చిక్కలేదు. ఖరీదైన యంత్ర మేదియు అక్కరలేదు. సంచి కన్నములే దువ్వెన సందులుగా పనిచేసినవి. దీనితో స్కాలప్ విత్తనము లక్షలకొలదిగా చేతికి వచ్చినది.

ఒక పేద గ్రామము లేచి నిలిచిన విధము

పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా గమనింపదగిన వృత్తాంత మిచ్చట నొకటి కలదు. జపాను దేశపు ఉత్తరద్వీపమైన హొక్కైదోలో, ఓఖోట్‌స్క్ సముద్రతీరమున సరుఫుత్సు అను గ్రామము కలదు. ఇది జపానులో అన్నిటికంటె ఉత్తరమున నున్న గ్రామము. జనాభా మూడువేలకు లోపు. ఒకప్పుడు అచ్చటి సముద్రములో హెర్రింగు చేపలును, స్కాలప్‌లును విస్తారముగా దొరకుచుండెను. ఎవరికి దొరికినంత వారు పట్టుకొనిరి. పెద్దవి, చిన్నవి యను విచక్షణ లేకపోయెను. హెర్రింగు రాక నిలిచిపోయినది, స్కాలప్‌లును అడుగంటినవి. 1960 దశాబ్దినాటికి ఆ గ్రామము పేదరికమునకు ఉదాహరణగా ఇరుగుపొరుగు ప్రాంతములలో చెప్పుకొనబడు స్థితికి వచ్చెను.

1971లో గ్రామ పాలకవర్గమును, మత్స్యకారుల సహకార సంఘమును కలిసి ఒక నిర్ణయము చేసినవి. సముద్రమున విత్తనము చల్లి, పంట పండింపవలెననియు, పండువరకు కోతకు దిగరాదనియు నిశ్చయించినవి. స్కాలప్ పిల్లలను కొని తెచ్చి సముద్రపు అడుగున చల్లుటకు గ్రామము తన పన్నుల రాబడిలోనుండి పెద్దమొత్తమును కేటాయించినది. చల్లిన విత్తనము విక్రయింపదగిన పరిమాణమునకు వచ్చుటకు మూడు నాలుగు సంవత్సరములు పట్టును. పేద గ్రామము అంతకాలము ఓపిక పట్టుట సామాన్యమైన విషయము కాదు. సముద్రమునకు గట్టులేదు, కంచెలేదు. చల్లినది ఎవరికి దక్కునో యను అనుమానము ఎట్టివారికైనను కలుగును. సంఘములోని వారందరును ఒక కట్టుబాటునకు లోబడుటవలననే ఆ పని సాగినది.

వారు, ఆ తీరమునందలి ఇతర సంఘములును అనుసరించుచున్న పద్ధతి మన రైతునకు సులభముగా బోధపడును. సముద్రపు అడుగును మడులుగా విభజింతురు. సాధారణముగా నాలుగు మడులు. ఒక సంవత్సరము మొదటి మడిలోని నక్షత్రచేపలను ఏరివేసి, విత్తనము చల్లుదురు. మరుసటి యేడు రెండవ మడిలో చల్లుదురు. ఇట్లు నాలుగు మడులును పూర్తియగునప్పటికి మొదటి మడి పంటకు వచ్చును. దానిని కోసికొని మరల చల్లుదురు. కోతకు రాని మడిలోనికి ఎవరును వేటకు పోరాదు. గుల్లపైని వార్షిక వలయములను బట్టి దాని వయస్సు తెలియును గనుక దొంగకోతను దాచుటయు కష్టమే.

ఫలితము ఎట్లున్నది? సరుఫుత్సు నేడు జపానులో స్కాలప్‌నకు పేరుపొందిన గ్రామములలో ఒకటి. ఇటీవలి దశాబ్దమున పన్ను చెల్లించువారి సగటు ఆదాయమునుబట్టి చూచినపుడు ఈ చిన్న గ్రామము ఆ దేశపు రాజధానిలోని ధనిక వార్డుల సరసన లెక్కకు వచ్చినది. ఒకనాడు పేదరికమునకు ఉదాహరణమైన ఊరు కలిమికి ఉదాహరణ మైనది.

ఈ కథలో మరి రెండు విశేషములు కలవు. మొదటిది: సముద్రము బాగుండవలె నన్నచో నదియు, నదికి మూలమైన అడవియు బాగుండవలెనని అచ్చటివారు గ్రహించిరి. 1988నుండి హొక్కైదో మత్స్యకార సహకార సంఘముల మహిళలు చేపలను పెంచుటకై కొండలపై చెట్లు నాటు ఉద్యమమును సాగించుచున్నారు. రెండవది: కలిమికిని కష్టములు తప్పవు. 2023 ఆగస్టులో ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రపు శుద్ధిచేసిన నీటిని జపాను సముద్రములోనికి విడువ నారంభించినపుడు చైనా ప్రభుత్వము జపాను సముద్రపు ఉత్పత్తుల దిగుమతిని నిలిపివేసినది. హొక్కైదో స్కాలప్‌లకు చైనాయే పెద్ద కొనుగోలుదారు గావున అచ్చటివారు తీవ్రమైన ఇబ్బందికి లోనైరి. పంట ఎంత బాగున్నను, ఒకే సంతను నమ్ముకొనరాదని ఈ సంఘటన తెలుపుచున్నది.

ఈదు దువ్వెన – నల్ల సముద్రపు కథ

దువ్వెనలతో ఈదు జంతువులును కలవు. గాజువలె పారదర్శకమై, మెత్తనై, సముద్రములో తేలుచుండు ఈ జంతువులను దువ్వెన జెల్లులని పిలువవచ్చును. వీని శరీరముపై నిలువుగా ఎనిమిది వరుస లుండును. ప్రతి వరుసలోను చిన్నచిన్న దువ్వెన పలకలు మెట్లవలె పేర్చబడి యుండును. వీనినే కంకత ఫలకము లందురు. ఇవి వరుసగా కొట్టుకొనుటవలన జంతువు మెల్లగా ముందునకు సాగును. వెలుతురు ఆ పలకలపై పడినపుడు ఇంద్రధనుస్సు రంగులు పరుగెత్తుచున్నట్లు కనబడును. సాధారణపు జెల్లిచేపవలె ఇవి కుట్టవు. జిగురుగల కణములతో ఎరను అంటించుకొని పట్టును.

చూచుటకు ఇంత సుకుమారమైన ఈ జంతువు ఒక సముద్రమునందలి మత్స్య పరిశ్రమనే కుదిపివేసినది. నేమియోప్సిస్ అను దువ్వెన జెల్లి అమెరికా అట్లాంటికు తీరమునకు చెందినది. ఓడలు సమతూకమునకై తమ అడుగున నింపుకొను నీటితోపాటు అది 1980 తరువాతి సంవత్సరములలో నల్ల సముద్రమునకు చేరెను. అచ్చట దానిని తినువారు లేరు. ఒంటరిగా నున్నను గ్రుడ్లుపెట్టి సంతానమును పెంచుకొనగల జంతువది. 1989నాటికి ఆ సముద్రమంతట అది క్రిక్కిరిసిపోయెను. చేపపిల్లల ఆహారమైన జంతుప్లవకములను, చేపల గ్రుడ్లను, పిల్లలను అది తినివేసెను. అప్పటికే అధికమైన వేటవలనను, నదులద్వారా వచ్చు ఎరువుల కాలుష్యమువలనను బలహీనపడియున్న ఆంకోవి చేపల పరిశ్రమ కుప్పకూలెను. ఆ తీరదేశముల మత్స్యకారులు ఎందరో జీవనోపాధి కోల్పోయిరి.

1997లో బెరోయి అను మరియొక దువ్వెన జెల్లి ఆ సముద్రమున కనబడెను. ఇది నేమియోప్సిస్‌నే తిని బ్రదుకును. దీని రాకతో మొదటిదాని ఉద్ధృతి తగ్గెను. కాని ఇట్టి అదృష్టము ప్రతిచోటను లభింపదు. పరాయి జీవిని తెచ్చి నీటిలో విడుచుట సులభము. దానిని తిరిగి ఏరివేయుట అసాధ్యము.

ఈ కథ దూరదేశపుదని తలంపరాదు. గాజుతొట్లలో పెంచుటకై తెచ్చిన సక్కర్ చేప నేడు మన జలాశయములలోనికి, చేపల చెరువులలోనికి వ్యాపించి రైతులను బాధించుచున్నది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకము మన దేశమున నిషేధింపబడినది. అయినను కొందరు దానిని దొంగచాటుగా పెంచుట కలదు. వరద వచ్చి గట్టు తెగినచో ఆ చేప ఊరి చెరువులోనికి, చెరువునుండి వాగులోనికి పోవును. పోయినచోట మన చేపలను తినును.

మన చెరువులలోని దువ్వెనలు

చేప మొప్పలను తెరచి చూచినచో ఒక వంపు ఎముకకు రెండు ప్రక్కల రెండు వరుసలు కనబడును. వెలుపలివైపున ఎఱ్ఱని కుచ్చు లుండును. ఇవి ఊపిరి తీయుటకు. లోపలివైపున తెల్లని పళ్ళవరుస యుండును. ఇది ఆహారమును వడకట్టు దువ్వెన. చేప నోటితో త్రాగిన నీరు మొప్పలగుండ పోవునపుడు ఆహారము ఈ పళ్ళకు తగులుకొని గొంతులోనికి పోవును.

సంతలో బొచ్చె చేప తలను, ఎఱ్ఱమోసు తలను ప్రక్కప్రక్కన పెట్టి మొప్పలను పరీక్షించినచో ఈ భేదమును ఎవరైనను చూడవచ్చును. బొచ్చె దువ్వెన పళ్ళు పొడవైనవి, సన్ననివి, దగ్గరదగ్గరగా నున్నవి. అది నీటి పైపొరలో తిరుగుచు జంతుప్లవకములను వడకట్టుకొని తినును. శీలావతి నడిమి పొరలో సంచరించుచు, మెత్తని మొక్కలను, కుళ్ళిన ఆకులను తినును. ఎఱ్ఱమోసు అడుగున బురదలోని కుళ్ళిన పదార్థమును తినును. దానికి పొడవైన పేలదువ్వెనతో పనిలేదు. వెండిచేప యను సిల్వర్ కార్ప్ దువ్వెన పళ్ళు కలిసిపోయి జల్లెడవలె నుండును. అది మిక్కిలి సూక్ష్మమైన వృక్షప్లవకములను సైతము పట్టగలదు.

దీనినుండి గ్రహింపవలసిన దేమి? దువ్వెన యెట్టిదో ఆహార మట్టిది. ఆహార మెట్టిదో చేప తిరుగు పొర అట్టిది. ఒకే జాతి పిల్లలను చెరువునిండ విడిచినచో అవి ఒకే పొరలో, ఒకే ఆహారమునకై పెనగులాడును. మిగిలిన పొరలలోని ఆహారము వృథాయగును. మూడు నాలుగు జాతులను తగు పాళ్ళలో కలిపి విడిచినచో చెరువు పైనుండి అడుగువరకు పంటనిచ్చును. రైతు ఒకే చేనిలో కందియు జొన్నయు కలిపి వేసినట్టిదే ఇదియును.

మరియొక విషయము. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు వర్షాకాలమున పారు నదులలో గ్రుడ్లు పెట్టును. నిలిచియున్న చెరువు నీటిలో పెట్టవు. పూర్వము నదులనుండి పిల్లలను పట్టి తెచ్చెడివారు. వానిలో పనికిరాని జాతులును కలిసి వచ్చుచుండెను. 1957 జూలై 10వ తేదీన డాక్టరు హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులు ఒరిస్సాయందు పిట్యూటరీ గ్రంథి సారమును సూదిద్వారా ఎక్కించి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించుటలో కృతార్థులైరి. ఆ దినమునే ప్రతి సంవత్సరము జాతీయ చేపల రైతుల దినముగా జరుపుచున్నారు. జపానువారికి ఉల్లిపాయల సంచి యెట్టిదో, మనకు ఈ ప్రయోగ మట్టిది. నమ్మకమైన విత్తనము దొరకుటతోనే నీటి సేద్యము ప్రారంభమగును.

పులికాటు సరస్సునకు వచ్చు రాజహంసలవంటి ఫ్లెమింగో పక్షుల ముక్కులందును దువ్వెన యున్నది. అవి తలను తలక్రిందులుగా వంచి, నీటిని నాలుకతో లోనికి లాగి, ముక్కు అంచులందలి సన్నని పలకల వరుసలగుండ వెడలగ్రక్కి, చిన్న జీవులను వడకట్టుకొనును. ఆ పక్షులు ఏటేట వచ్చుచున్నవన్నచో సరస్సులో ఆ చిన్న జీవులు ఇంకను మిగిలియున్నవని తెలిసికొనవచ్చును.

మనుష్యుని దువ్వెన

కడపట మనుష్యుని దువ్వెనను గూర్చి చెప్పవలసియున్నది. అది వల. వల కన్నమే దువ్వెన సందు. కన్నము పెద్దదైనచో పిల్ల తప్పించుకొని పెరుగును. చిన్నదైనచో పిల్లయు, తల్లియు ఒక్కసారిగా ఒడ్డున పడును. దోమతెరవంటి వలతో నేడు తెచ్చిన బుట్టెడు పిల్లలు, రెండేండ్లు ఆగినచో బండెడు చేప లయ్యెడివి. ప్రకృతి దువ్వెన కడుపునకు సరిపడినంత పట్టి ఆగును; మనుష్యుని దువ్వెనకు ఆగుట ఎవరైనను నేర్పవలెను. అట్లు నేర్పునది చట్టము. చట్టముకంటె దగ్గరనున్నది గ్రామపు కట్టుబాటు.

తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యాంత్రిక పడవలతో సముద్రపు వేట నిషేధింపబడుచున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వానిని విడిచిపెట్టుటయే దీని ఉద్దేశము. వేటను ఆపుటవలన సంపద పెరుగునా యని సందేహించువారికి అట్లాంటికు సముద్రమునందలి జార్జిబ్యాంకు సమాధానము చెప్పును. అచ్చట తగ్గిపోయిన చేపలను కాపాడుటకై 1994లో కొన్ని ప్రాంతములను మూసివేసిరి. కొలది సంవత్సరములలోనే ఆ ప్రాంతములందు స్కాలప్‌లు ఎంతో వృద్ధిచెందెను. 1999లో హద్దులు విధించి మరల వేటకు అనుమతించిరి. మూసిన తలుపు వెనుక సముద్రము తన పని తాను చేసికొన్నది.

కాకినాడ అఖాతమున గుల్లలు ఏరి బ్రదుకు కుటుంబము లున్నవి. ఆ గుల్లలు గుల్లసున్నమునకు, కోళ్ళ దాణాకు ఉపయోగపడుచున్నవి. అట్టిచోట్ల చిన్న గుల్లలను ఏరకుండ విడిచిపెట్టుట, ఒక భాగమును వంతులవారీగా ముట్టకుండ ఉంచుట మొదలగు పద్ధతులు సరుఫుత్సు మడులకంటె కష్టమైనవి కావు.

పంచాయతీలు చేయదగిన పనులు

1. పంచాయతీ చెరువులో ఒకే జాతిని గాక, పై, నడిమి, అడుగు పొరలలో తిరుగు జాతులను కలిపి విడువవలెను. పిల్లలు సుమారు 8 నుండి 10 సెంటీమీటర్ల పొడవు కలిగియున్నచో శత్రువుల బారినుండి తప్పించుకొనగలవు.

2. చెరువును పాటకిచ్చునపుడు దోమతెరవంటి వలలను, విషమును, మందుగుండును వాడరాదను షరతును ఒప్పందమున స్పష్టముగా వ్రాయింపవలెను.

3. నిషిద్ధమైన పరాయి జాతులను ఎవరును విడువకుండ గ్రామసభలో తీర్మానము చేయవలెను. ఇండ్లలోని గాజుతొట్ల చేపలను చెరువులో పారవేయరాదని పాఠశాలలలో చెప్పింపవలెను.

4. చెరువు రాబడిలో కొంత భాగమును మరుసటి యేటి విత్తనమునకును, పూడికతీతకును ముందుగనే వేరుచేయవలెను. విత్తనపు సొమ్మును తినివేసిన ఊరు పంటను చూడజాలదు.

5. ఊరి మురుగు నేరుగా చెరువులో కలియకుండ చూడవలెను. గట్టుపైనను, ఎగువ వాగుల వెంటను చెట్లు పెంచవలెను.

6. వేసవిలో నీరు తగ్గినపుడు చెరువును పూర్తిగా తోడివేయక, లోతైన మడుగును విడిచిపెట్టవలెను. ఆల్చిప్పలకును, నాటుచేపలకును అదియే ప్రాణాధారము.

సరుఫుత్సు గ్రామమున చల్లిన మొదటి విత్తనము సముద్రగర్భమున కంటికి కనబడక యుండెను. దానిపై సొమ్ము వ్యయపరచిన పాలకవర్గము మూడు నాలుగేండ్లు గ్రామస్థుల ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసి వచ్చెను. గ్రామపాలనలో మేలైన పనులు అనేకము ఇట్టివే. వాని ఫలము పాలకవర్గపు పదవీకాలములోనే కనబడకపోవచ్చును. అయినను చెరువు మనది, రేపు మన బిడ్డలది యను తలంపుతో పనిచేయు పంచాయతీయే గ్రామమునకు నిజమైన సంపద.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన చెరువులో నేడు ఏయే జాతుల చేపలు, ఆల్చిప్పలు కలవు? ఇరువది ఏండ్ల క్రిందట నుండి నేడు కనబడనివి ఏవి?

2. చెరువులోని ఏ పొర ఆహారము వృథాయగుచున్నది?

3. మన మత్స్యకారుల వలల కన్నములు ఎంతటివి? వానిని మార్చుటలో గల ఇబ్బందులేవి?

4. గత సంవత్సరపు చెరువు రాబడిలో ఎంత భాగము తిరిగి చెరువునకే వ్యయమైనది?

5. ఒక కుంటనైనను ఒక్క సంవత్సరము వేట లేకుండ విడిచిపెట్టుటకు గ్రామము అంగీకరించునా? అంగీకరించినచో ఆ సంవత్సరము దానిపై బ్రదుకు కుటుంబములకు ఏ ఏర్పాటు చేయవలెను?